ఇంకొకరి బ్రేకు

మా లాండ్రీలో టెంపరరీ మనిషిని ఎవరూ తీసేయరు. రేపు రావద్దని కూడా చెప్పరు. గేటు లోపలి గోడకు మేకులుంటాయి. ఒక్కో మేకుకు ఒక్కో ఇనుప బిళ్ళ, దాని మీద మన నంబరు. పొద్దున్నే వచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని, హాజరు మెషిన్ మీద వేలు పెట్టి లోపలికి పోవాలి. సాయంత్రం వాచ్‌మన్ చేతికిచ్చి ఇంటికి పోవాలి. ఏ పొద్దున్నైనా మన బిళ్ళ మేకుకు లేకపోతే పని లేదన్నమాట. ఎందుకు లేదని అడగకూడదు. అడిగినవాడి బిళ్ళ మళ్ళీ మేకెక్కడం నేను చూడలేదు.

దీన్ని మా సూపర్‌వైజర్ వీలునుబట్టి పని అంటాడు. "మీకూ వీలు, మాకూ వీలు" అంటాడు. మాకేం వీలో ఇంతవరకూ చెప్పలేదు.

చట్టం ఒకటుంది. టెంపరరీ మనిషి మధ్యలో తెంపు లేకుండా ఒక గడువు దాకా పనిచేస్తే వాణ్ణి పర్మనెంటు చెయ్యాలి. కంపెనీకి ఆ చట్టం మాకంటే బాగా తెలుసు. అందుకే గడువు దగ్గరపడేసరికి బిళ్ళ మాయమవుతుంది. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంటాం. తర్వాత బిళ్ళ మళ్ళీ వేలాడుతుంది. లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. దీన్ని బ్రేకు అంటారు. నా భార్య ఇక్కడే మడతల బల్ల దగ్గర పనిచేసింది. బ్రేకు మీద బ్రేకు తీసుకుని టెంపరరీగానే కన్నుమూసింది. కంపెనీ తరఫున ఒక్కడు ఇంటికి రాలేదు. వాళ్ళ దృష్టిలో అదీ ఒక బ్రేకే.

ఈసారి నా భయం వేరు. నా వయసువాళ్ళని బ్రేకు తర్వాత మళ్ళీ పిలవడం మానేశారు. బాయిలర్ దగ్గరి మనిషి అలాగే పోయాడు. మురికి బట్టలు వేరుచేసే ఆమె అలాగే పోయింది. బిళ్ళ తీశారు, మళ్ళీ పెట్టలేదు, అంతే. ఇప్పుడు నా గడువు దగ్గరికొచ్చింది. ఈ బ్రేకే నాకు ఆఖరిది.

మా అమ్మాయి నా దగ్గరే ఉంటుంది. టైలరింగ్ షాపులో కుట్టుపని. అదీ ఆర్డర్లున్న రోజే. నాకంటే దానికే ఎక్కువ గాభరా. రోజూ నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడేది.

"ఇవాళ ఉంటుందంటావా నాన్నా?"

"వెళ్తే తెలుస్తుంది."

"లేకపోతే దారిలో ఎక్కడా కూర్చోకు. ఇంటికొచ్చెయ్."

"కూర్చోడానికి ఊళ్ళో నా పేర కుర్చీలేం వెయ్యలేదులే."

ఆ పొద్దున గేటు దగ్గరికొచ్చి ఆగాను. బ్రేకు ఇవాళో రేపో అన్నట్టుంది లెక్క. గోడ వైపు చూశాను. నా బిళ్ళ ఉంది. పక్కనే రేడియో నిలబడ్డాడు. అతని బిళ్ళ లేదు.

రేడియో అంటే నా జోడీ. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. మా ఇద్దరిదీ రోలర్ దగ్గర పని. తడి దుప్పటికి చెరోవైపు కొసలు పట్టుకుని, బిగలాగి, కాలిపోయే రోలర్ నోటికి అందించాలి. అది లాక్కుంటుంది. సరైన సమయానికి వదలాలి. లేకపోతే వేళ్ళు కూడా లాక్కుంటుంది. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు. ఇన్నేళ్ళుగా దుప్పటికి అటుకొస అతను, ఇటుకొస నేను. అతను మాట్లాడతాడు, నేను వినను. జోడీ బాగానే కుదిరింది.

రేడియోకి బ్రేకు అయిపోయి ఎన్నాళ్ళో కాలేదు. అప్పుడే మళ్ళీ బిళ్ళ లేకపోవడం ఏమిటి? అతను మేకుల వైపు కాసేపు చూశాడు.

"నా మొహం మీద మోజు తీరిపోయినట్టుంది పెద్దాయనా ఆ సారుకి" అని నవ్వాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. మాలో ఎవరమైనా అదే చేస్తాం.

లోపలికెళ్ళాక గాని నాకు వెలగలేదు. కిందటి వారం ఆ గోడకు రంగు వేశారు. మేకుల కింద రాసిన నంబర్లు రంగులో పోయాయి. వాచ్‌మన్ బిళ్ళలన్నీ గంపలో పోసి మళ్ళీ గుర్తున్నంత మేరకు తగిలించాడు. నా మేకుకు రేడియో బిళ్ళ, రేడియో మేకుకు నా బిళ్ళ పడ్డాయి. సూపర్‌వైజర్ బిళ్ళ మీద నంబరు చూడడు. ఫలానా వరసలో ఫలానా మేకు అని చేతికి అలవాటు. నా మేకు మీద బిళ్ళ తీశాడు. నాకు బ్రేకు ఇచ్చేశానని అతని లెక్క. ఇంట్లో కూర్చున్నది రేడియో.

మమ్మల్ని చూసైనా పోల్చుకోవాలి కదా అనుకోవచ్చు. అందరి నెత్తినా టోపీ, ముక్కుకు గుడ్డ. మధ్యలో ఆవిరి. అతను పైన అద్దాల గదిలో కూర్చుంటాడు. అక్కణ్ణుంచి చూస్తే ఆడే చేతులే తప్ప మొహాలు తెలీవు, అందరం ఒక్కలాగే కనిపిస్తాం.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. అది చేతిలో ఉన్న గరిటె కింద పెట్టేసింది.

"అంటే నీకు బ్రేకు పడలేదా?"

"పడలేదు."

"వాళ్ళకి తెలీదా?"

"తెలిస్తే నేనిక్కడ ఇంత తీరిగ్గా చెప్తానా?"

మర్నాడే అది యూనియన్ ఆయన దగ్గరికెళ్ళి వచ్చింది. ఆయన సంగతి విని కుర్చీలోంచి లేచాడట. "గడువు దాటనియ్యమ్మా. దాటిన మర్నాడు నుంచి నేను చూసుకుంటాను. అంతదాకా మీ నాన్నని గట్టిగా దగ్గొద్దని కూడా చెప్పు" అన్నాడట.

దగ్గలేదు నేను. సూపర్‌వైజర్ మెట్లు దిగితే చాలు, దుప్పట్ల బుట్టలోకి వంగిపోయేవాణ్ణి. జ్వరం వచ్చినా వెళ్ళాను. రేడియో బదులు ఎవడో కొత్తవాణ్ణి ఇచ్చారు. వాడికి దుప్పటి బిగలాగడం రాదు. కొసలు వంకర పోయేవి. కొత్తవాణ్ణి తిట్టడానికి కూడా భయం వేసింది. తిడితే అందరూ ఇటు చూస్తారు. నోటికొచ్చిన మాటలన్నీ మింగాను. అవి తిండికంటే బరువు.

కొత్తవాడు దుప్పట్లు పాడుచేస్తున్నాడని పాతమనిషినే పిలవమన్నారట, వాచ్‌మన్ రేడియో బిళ్ళ తగిలించాడు. బ్రేకు అయిపోయి రేడియో వచ్చాడు. మొదటి దుప్పటి కొసలు పట్టుకుంటూనే మొదలుపెట్టాడు.

"ఏం పెద్దాయనా, నీ బ్రేకెప్పుడు? నేను లేనప్పుడు గాని పడిందా ఏం?"

"నోరు ముయ్."

అతను నా కళ్ళలోకి చూశాడు. దుప్పటి రోలర్‌లోకి పోయింది. ఇంకోటి తీశాం. అదీ పోయింది. మూడోది చేతిలోకొచ్చేసరికి అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"అంటే... ఆ గోడ రంగు గొడవలో నీ బ్రేకు నేను తీసుకున్నానా?"

నేను నా వైపు కొసలు బిగలాగాను.

"నీకు జ్వరమొస్తే నేను మాత్ర మింగినట్టుందే! మా ఆవిడ రెండోసారి ఇంట్లో కూర్చున్నానని నన్ను తినేసింది. ఏదో వెధవ పని చేసుంటావు, అందుకే పంపేశారంది."

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే అంటున్నా. గడువింకెంత ఉంది?"

చెప్పాను. ఆ వారంలోనే నిండిపోతుంది.

అతను చుట్టూ చూశాడు. ఒక్కమాట సూపర్‌వైజర్ చెవిన వేస్తే చాలు. పొరపాటున పోయిన రోజులకు తనకేదో ఒకటి దక్కుతుంది. నేను గేటు బయట ఉంటాను. నేనైతే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

"నా నోటికి కుట్లేసుకుంటాను పెద్దాయనా" అన్నాడు రేడియో.

ఆ మాట విన్నప్పట్నుంచి నాకు తిండి సయించలేదు. ఇతగాడి నోట్లో ఏదీ పూటసేపు నిలవదు. బాయిలర్ మనిషి కూతురు ఎవరితోనో వెళ్ళిపోయిన సంగతి బాయిలర్ మనిషికంటే ముందు మాకందరికీ తెలిసింది ఇతని వల్లే.

"అతన్ని నమ్ముతున్నావా?" అంది అమ్మాయి.

"నమ్మను."

"మరి?"

"మరేం చేస్తాను? పీక నొక్కనా?"

"ఒకసారి ఇంటికి పిలువు నాన్నా. నాలుగు ముక్కలు మంచిగా మాట్లాడు. మనిషన్నాక నీ మేలు మర్చిపోనని ఒక మాట అనాలి."

"మేలింకా జరగలేదుగా."

"నీతో పడటం అమ్మకే చెల్లింది" అని విసుక్కుని లోపలికెళ్ళింది.

పిలవలేదు నేను. మర్నాడు పనిలోకెళ్తే అసలు చిక్కు అప్పుడు తెలిసింది. రేడియో మాట్లాడటం లేదు. కొంచెం తగ్గించడం కాదు, పూర్తిగా మానేశాడు. దుప్పటి తియ్యడం, లాగడం, వదలడం. పెదాలు బిగించి, పన్ను నొప్పివాడిలా మొహం పెట్టుకుని. అడిగినదానికి తలూపుతాడు, లేదా అడ్డంగా తిప్పుతాడు.

హాలు హాలంతా ఇటే చూసింది. మడతల బల్ల దగ్గరి ఆడవాళ్ళు అందుకున్నారు.

"ఏం అన్నా, రేడియోకి బ్యాటరీ అయిపోయిందా?"

"వాళ్ళావిడ వాల్యూం తగ్గించి పంపిందేమోనే!"

"కాదే, స్టేషన్ మూసేశారు."

నవ్వులు. రేడియో తల దించుకున్నాడు. 

"మాట్లాడవయ్యా బాబూ" అన్నాను దుప్పటి మీంచి. "రోజూ వాగినట్టే ఏదో ఒకటి వాగు. చూస్తున్నారు."

"తెరిస్తే అదే వచ్చేస్తుంది పెద్దాయనా" అన్నాడు గొంతు నొక్కుకుని. "బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. వేరే మాటలన్నీ దాని వెనకాలే వచ్చేట్టున్నాయి. నన్నిలా వదిలెయ్."

వదిలేశాను. అలా ఒక రోజు గడిచింది. ఇంకోటి గడిచింది. ఇన్నేళ్ళలో అతను నోరు మూసుకుంటే బాగుండునని నేను కోరుకోని రోజు లేదు. మూసుకునేసరికి రోలర్ చప్పుడు, ఆవిరి చప్పుడు, నా గుండె చప్పుడు అన్నీ వేర్వేరుగా వినబడ్డాయి.

గడువు నిండే రోజు వచ్చింది. సాయంత్రం సైరన్ మోగేదాకా ఉంటే చాలు. మధ్యలో బయటికి పంపితే ఆ రోజు లెక్కలోకి రాదు. ముందురోజులన్నీ దండగ. యూనియన్ ఆయన ఆ మాట అమ్మాయితో రెండుసార్లు చెప్పి పంపాడు.

మధ్యాహ్నం తిండి అయ్యాక సూపర్‌వైజర్ మెట్లు దిగాడు. నేరుగా మా రోలర్ దగ్గరికే వచ్చాడు. నేను బుట్టలోకి వంగబోయాను. బుట్ట ఖాళీ.

"ఏవయ్యా రేడియో, ఒంట్లో బాలేదా?"

రేడియో తల అడ్డంగా తిప్పాడు.

"మరి? మూడు రోజులుగా చూస్తున్నా. పైనుంచి నీ చేతులాడటం చూసి వీడింకా వాగుతున్నాడు, మెషిన్ బాగానే ఉంది అనుకునేవాణ్ణి. ఇప్పుడేమిటి, ఇద్దరూ శవాలు మోస్తున్నట్టు? ఏదో జరిగింది. ఏం దాస్తున్నారు?"

"ఏం లేదు సార్" అన్నాను నేను.

అక్కడే పొరపాటు చేశాను. నేనంతట నేను ఏనాడూ అతనికి జవాబిచ్చినవాణ్ణి కాదు. అతను నా వైపు తిరిగాడు. టోపీ కింద మొహం వెతుకుతున్నట్టు చూశాడు.

"నువ్వు... నీకీమధ్యే కదూ బ్రేకు? ఎప్పుడొచ్చావు మళ్ళీ?"

 రోలర్ తిరుగుతోంది. మడతల బల్ల దగ్గర చేతులాగాయి.

"ఈయనతో నాకు మాటల్లేవు సార్!" అని అరిచాడు రేడియో.

సూపర్‌వైజర్ అటు తిరిగాడు. "ఏం?"

"మనిషేనా సార్ ఈయన? పొద్దున్న లేస్తే ఈ మొహం. రాయి కూడా ఒక్కోసారి పగుల్తుంది, ఈయన పగలడు. మా ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటుంటే నోరు ముయ్యమన్నాడు సార్. ముయ్యమనడూ మరి! ఈయన మూతి చూడలేకే కదా వాళ్ళావిడ పాపం అంత తొందరగా వెళ్ళిపోయింది!"

ముందు సూపర్‌వైజర్ నవ్వాడు. తర్వాత మడతల బల్ల దగ్గర నవ్వారు. నా భార్య పక్కన నిలబడి ఏళ్ళ తరబడి దిండు గలేబులు మడతపెట్టినావిడ కూడా నవ్వింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతను నన్ను కాపాడ్డానికే అన్నాడని ఇప్పుడు అందరూ అంటారు. ఆ క్షణంలో నాకూ అది తెలుసు. తెలిసే అతని చొక్కా పట్టుకున్నాను. ఎందుకంటే ఆ మాట అప్పటికప్పుడు పుట్టింది కాదు. అంత నున్నగా దొర్లిందంటే చాలాసార్లు దొర్లించిన మాటే. నవ్విన ఆడవాళ్ళు కూడా మొదటిసారి విన్నవాళ్ళలా నవ్వలేదు.

మా చేతుల్లోంచి జారిన దుప్పటి ముద్దగా రోలర్‌లోకి పోయింది. కమురు వాసన వచ్చింది. ఎవరో స్విచ్చి కట్టేశారు. సూపర్‌వైజర్ మమ్మల్ని విడదీశాడు.

"ఇద్దరూ బయటికి నడవండి. ఇది లాండ్రీ అనుకున్నారా, కుస్తీ గోదా అనుకున్నారా? నడవండి!"

 సైరన్‌కి ఇంకా చాలా టైముంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంటుంది. 

"సార్, మొదలెట్టింది నేను" అన్నాడు రేడియో. చొక్కా గుండీలు ఊడిపోయి ఉన్నాయి. "చచ్చిపోయినావిణ్ణి అన్నాను. ఎవడికైనా మండుతుంది. నేను పోతాను. ఇద్దర్నీ పంపితే రోలర్ దగ్గర ఎవరుంటారు? ఆస్పత్రి లారీ బయటే ఉంది, చూడండి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు."

నిజంగానే కొడుతున్నాడు. సూపర్‌వైజర్ లారీ వైపు, నా వైపు, ఆగిన రోలర్ వైపు చూశాడు.

"సరే. నువ్వు పో. బిళ్ళ ఇచ్చి పో. మళ్ళీ రానక్కర్లేదు" అన్నాడు. మడతల బల్ల దగ్గర్నుంచి ఒకామెను పిలిచి అటుకొస పట్టుకోమన్నాడు. నన్నడిగిన ప్రశ్న మర్చిపోయాడు.

రేడియో నా పక్కనుంచే వెళ్ళాడు. నేను దుప్పటి కొసలు వెతుక్కుంటున్నాను. అతని వైపు చూడలేదు. సైరన్ మోగేదాకా దుప్పటి తర్వాత దుప్పటి అందించాను. ఒక్కటీ వంకర పోలేదు.

మర్నాడు యూనియన్ ఆయన నాతో ఆఫీసుకొచ్చాడు. అరుపులయ్యాయి. సూపర్‌వైజర్ గేటు దగ్గరికి పరుగెత్తి, గోడ ముందు నిలబడి, మేకుల్ని వేళ్ళతో లెక్కపెట్టుకున్నాడట. వాచ్‌మన్ని తిట్టాడట. హాజరు మెషిన్ మాత్రం అబద్ధం చెప్పదు. అన్నీ కుదిరేసరికి కొంత కాలం పట్టింది గాని, చివరికి నన్ను పర్మనెంటు చేశారు. అమ్మాయి ఆ రోజు గుమ్మంలో నిలబడలేదు. ఎండ మొహాన పడేదాకా నిద్రపోయింది.

లేచాక మొదట అన్నమాట, "రేడియో గారింటికి వెళ్ళొచ్చావా?"

"లేదు."

"నాన్నా, సిగ్గులేదూ?"

ఉంది గనకనే వెళ్ళలేదు. ఆ సంగతి దానికి చెప్పలేదు. సూపర్‌వైజర్ని అడిగాను, రేడియో బిళ్ళ మళ్ళీ పెట్టమని. "నీ బిళ్ళ వల్ల నాకు పడ్డ అక్షింతలు చాలు. ఇంకో పేరెత్తావంటే బాగుండదు" అన్నాడు. ఆస్పత్రి లారీ కాంట్రాక్టర్ని అడిగాను. మూటలు ఎక్కించి దింపే మనిషి ఒకడు కావాలన్నాడు. అప్పుడు వెళ్ళాను రేడియో ఇంటికి.

ఒకటే గది. బయట మెట్టు మీద కూర్చుని చెప్పుకు తాడు బిగించుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా పెద్దాయనా. కూర్చో."

"కూర్చోను. రేపు పొద్దున్న ఆస్పత్రి లారీ దగ్గరికెళ్ళు. మూటల పని. నీ సంగతి చెప్పాను."

"ఎన్నాళ్ళ పని?"

"పిలిచినన్నాళ్ళు."

తలూపాడు. ఆ జవాబు అతనికి కొత్త కాదు. చెప్పు కింద పెట్టాడు.

"ఆ రోజు ఏదో ఒకటి అనకపోతే సారు పట్టేసేవాడు. నోటికేదొస్తే అది అనేశాను."

"నోటికదే ఎందుకొచ్చింది?"

అతను చెప్పుని కాలితో పక్కకు జరిపాడు.

"అంతకుముందు ఎన్నిసార్లన్నావు?"

"నవ్వుతారని అనేవాణ్ణి" అన్నాడు నేల చూస్తూ. "ఆవిడంటే నాకు మర్యాదే పెద్దాయనా. మనుషులు నవ్వుతారని అంతే."

అతని భార్య గుమ్మంలోకొచ్చింది. చేతులు తుడుచుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఈయనేనా?" అని అతన్నడిగింది. తర్వాత నాతో అంది, "మీ కోసం పని పోగొట్టుకుని కూర్చున్నాడు మా ఆయన. గుమ్మం దాకా వచ్చి లోపలికి కూడా రారా?"

"రాను" అన్నాను.

ఆమె తలుపు వేసేసింది. నేనామెనైతే అంతకంటే గట్టిగా వేసేవాణ్ణి.